కుడికంటికి ఎరుపు

ఆథల్ బ్రామిచ్ తల పెద్దది. నా సిగ్గంతా అక్కణ్ణించే మొదలైంది.

మా కంటి క్లినిక్‌లో ఎరుపు, ఆకుపచ్చ అద్దాల కళ్లజోళ్లు రెండే ఉండేవి. ఒకటి పిల్లలది, ఒకటి పెద్దలది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది పిల్లలే కాబట్టి, ఎప్పుడైనా ఓ పెద్దమనిషి వచ్చినా పిల్లల జోడే కాస్త సాగదీసి పెట్టేసేదాన్ని. ఆథల్‌కి అది చెవుల దాకా రాలేదు. రిసెప్షన్‌లో కూర్చునే వెర్నా చూసి, గుమ్మడికాయకి ఉంగరం తొడుగుతున్నావేంటి నెరిడా అంది. సరేనని సొరుగులో ఏళ్ల తరబడి పడివున్న పెద్ద జోడు తీశాను. దాని అద్దాలు రెండూ గీతలు పడి మసకబారి ఉన్నాయి. కొత్త జోడు మెల్‌బోర్న్ నించి సముద్రం దాటి రావాలంటే ఆరు వారాలు. అంత ఓపిక నాకు లేదు. రంగు అద్దాల ముక్కలు నా దగ్గరే ఉన్నాయి కదా అని మధ్యాహ్నం టీ తాగుతూ నేనే అరగదీసి, జోడులో ఇరికించి, అతికించాను. పని బాగా కుదిరిందని వెర్నాకి చూపించి మెప్పు కూడా పుచ్చుకున్నాను.

నేను చేసే పని చెప్పడానికి తేలికే. ఒకే బొమ్మని రెండు పలుచని రేకుల మీద అచ్చు వేస్తారు, ఒకటి ఎరుపులో, ఒకటి ఆకుపచ్చలో. రంగు అద్దాలు పెట్టుకుని చూస్తే ఒక్కో కంటికీ ఒక్కో బొమ్మే కనిపిస్తుంది. రెండు కళ్లూ కలిసి పనిచేసేవాళ్లకి ఆ రెండు బొమ్మలూ ఒకటైపోయి, ఆ ఒక్క బొమ్మ రేకు మీంచి లేచి గాలిలో నిలబడుతుందట. రేకుల్ని ఒకవైపు జరిపితే బొమ్మ మనమీదికి వస్తుంది, రెండోవైపు జరిపితే వెనక్కి పోతుంది. ఎంత జరిపితే ఎంత రావాలో అంచున అంకెలు ఉంటాయి. నేను జరుపుతాను, వాళ్లు చెబుతారు, నేను రాసుకుంటాను. మా దగ్గరున్న బొమ్మ పెంగ్విన్.

ఆథల్ యాభై ఎనిమిదేళ్లవాడు. ఉల్లిపాయలు పండిస్తాడు, కానీ అది తిండికోసం చేసే పని. మా ఊళ్లో ఆథల్ అంటే గొడ్డలి. క్రిస్మస్ మర్నాడు ఊరి మైదానంలో జరిగే దుంగల పందెంలో ముప్పై తొమ్మిదేళ్లు ఒక్క ఏడాది కూడా తప్పకుండా దిగాడు. అతనిది పడుకోబెట్టిన దుంగ పందెం. దుంగ మీదికెక్కి, కాళ్లు ఎడంగా పెట్టి, సరిగ్గా ఆ రెండు కాళ్ల మధ్యనే నరుక్కుంటూ పోవాలి. సగం నరికాక వెనక్కి తిరిగి రెండోవైపు నించి మిగతా సగం. గొడ్డలి అంచు గడ్డం గీసుకునే కత్తంత పదునుగా ఉంటుంది. ఏప్రిల్‌లో సాధన చేస్తూండగా ఒక చెక్కపేడు ఎగిరి అతని ఎడమకంట్లో దిగింది. హోబర్ట్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. చూపు తిరిగి వచ్చింది. అయితే రెండు కళ్లూ మళ్లీ కలిశాయా లేదా, లోతు తెలుస్తోందా లేదా అన్నది తేల్చాల్సింది నేను. నా సంతకం ఉంటే తప్ప పందెం సంఘం వాళ్లు అతన్ని దుంగ ఎక్కనివ్వరు. నలభయ్యో ఏడు నా చేతిలో ఉంది.

మొదటి మంగళవారం పెద్ద జోడు అతనికిచ్చి పెట్టుకోమని, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గదిలో లైట్లు తగ్గించి, వెనక దీపం వెలిగే పెట్టె మీద రేకులు పెట్టి, పెంగ్విన్ బయటికి వచ్చేట్టు జరిపాను. ఎటు పోతోందని అడిగాను.

"లోపలికి," అన్నాడు.

"సరిగ్గా చూడండి."

"చూస్తూనే ఉన్నానమ్మాయ్. గొయ్యి తవ్వుకుని దిగుతోంది."

ఇంటూ గుర్తు పెట్టాను. రెండోవైపు జరిపాను. ఇప్పుడు నా ముక్కు దగ్గరికొచ్చి కూర్చుందన్నాడు. మళ్లీ ఇంటూ. తర్వాత నాలుగు వలయాల పరీక్ష పెట్టాను. నాలుగింట్లో ఒకటి పైకి తేలుతుంది, దాన్ని వేలితో తాకాలి. ఆథల్ ఏమాత్రం తడుముకోకుండా ప్రతిసారీ సరైన వలయం మీదే వేలు పెట్టాడు. పెట్టి, ఇది కుంగిపోయి ఉంది అన్నాడు. తేలింది అనాలి కదా. దానికీ ఇంటూయే పెట్టాను. వేలు సరిగ్గా ఎలా పడుతోందని నన్ను నేను ఒక్కసారి అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నేనెందుకు అడగలేదో చెప్పాలి. చెప్పడానికి మొహం చెల్లదు, అయినా చెప్పాలి.

నాకు లోతు కనిపించదు. పుట్టుకతో మెల్లకన్ను. ఆరేళ్లప్పుడు ఆపరేషన్ చేసి కన్ను నిలబెట్టారు గానీ అప్పటికే ఎడమకన్ను చూడ్డం మానేసింది. నన్నూ ఇలాంటి గదిలోనే కూర్చోబెట్టి, రంగు అద్దాలు పెట్టి, ఈగ రెక్కలు లేచాయా అని అడిగేవాళ్లు. నాకు రేకు మీద అచ్చయిన ఈగ తప్ప ఏమీ కనిపించేది కాదు. కానీ అడిగే ఆవిడ కనుబొమలు కనిపించేవి. లేచాయి అంటే కనుబొమలు లేచేవి, అమ్మకి నవ్వు వచ్చేది. కాబట్టి లేచాయి అనడం నేర్చుకున్నాను. అదే విద్యతో చదువు గట్టెక్కాను, ఉద్యోగం సంపాదించాను. ఇరవై రెండేళ్లుగా ఊరి పిల్లలందరికీ, చూడరా పెంగ్విన్ ఎంత ముద్దుగా లేచిందో అని చెబుతున్నాను. అది నాకోసం ఒక్కనాడూ లేవలేదు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. దొంగ జవాబులతో పెరిగినదాన్ని కాబట్టి ఎవరు తప్పు చెప్పినా ఊహించి చెబుతున్నారనే అనుకునేదాన్ని. ఆథల్‌ని కూడా అలాగే అనుకున్నాను. లోతు తెలియక, మగతనం పోతుందని, ఏదో ఒకటి అనేస్తున్నాడనుకున్నాను.

ఎనిమిది మంగళవారాలు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఓ సంచీడు ఉల్లిపాయలో, ఆల్చిప్పల మాంసం కూరిన స్కాలప్ పైలో తెచ్చి వెర్నా బల్ల మీద పెట్టేవాడు. ఇంట్లో సాధన చేస్తానంటే రేకులూ జోడూ ఇచ్చి పంపేదాన్ని. వంటింటి బల్ల దగ్గర పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చునేవాడట. బడిపిల్లల్లో కూడా అంత శ్రద్ధ నేను చూడలేదు. అయినా ప్రతివారం అదే పాట. నేను బయటికి జరిపితే అతను లోపలికి అంటాడు. ఎనిమిదోవారం, పరీక్ష ముగిశాక, నాకు విసుగొచ్చింది.

"ఆథల్, మీ కన్ను మీకు అబద్ధం చెబుతోంది," అన్నాను. "అది ఏం చెబితే దాన్ని తిరగేసుకోండి. లోపలికి అనిపించిందా, బయటికి వస్తోందని అర్థం."

అతను కాసేపు ఆలోచించి తలూపాడు. గొడ్డలి పట్టు మార్చుకోమని గురువు చెబితే ఎలా తలూపుతారో అలా.

నవంబర్ ఆఖరు వారంలో ఉత్తరం రాశాను. లోతు గ్రహించే శక్తి లేదు, గొడ్డలి పందెంలో పాల్గొనడం క్షేమం కాదు. ఇచ్చేటప్పుడు నాకు బాధగానే ఉంది, అబద్ధమెందుకు, కాస్త గొప్పగా కూడా ఉంది. ఒక మనిషి కాలు కాపాడానని అనుకున్నాను. ఆథల్ ఉత్తరం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నువ్వు చూసి చెప్పావు కదా, ఇంక అంతే మరి అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే నేను చూడనే లేదు.

ఆ శనివారం అతను తన మంచి గొడ్డలిని చెక్కపెట్టెతో సహా లిండ్సే టబ్ ఇంటికి మోసుకెళ్లాడని వెర్నా చెప్పింది. లిండ్సే ముప్పై ఏళ్లుగా అతనికి పోటీ. పబ్బులో ఎదురుపడితే ఒకళ్లనొకళ్లు దెప్పుకోకుండా గ్లాసెత్తరు. ఆ రోజు మాత్రం దెప్పుడు లేదట. తుప్పు పట్టనివ్వకు అని ఒక్క మాట అని, టీ కూడా తాగకుండా వచ్చేశాడట. సంఘం వాళ్లు పోటీదారుల పలక మీద అతని పేరు చెరిపేశారు.

క్రిస్మస్ ఇంకా పన్నెండు రోజులు ఉందనగా, శుక్రవారం నాడు, మేమిద్దరం సెలవుల ముందు క్లినిక్ సర్దుతున్నాం. వెర్నా కాగితం టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని, సరదాకి పెద్ద జోడు కూడా తగిలించుకుని దీపం పెట్టె ముందు కూర్చుంది. రేకులు పిల్లల పాఠం తర్వాత ఎలా వదిలానో అలాగే ఉన్నాయి, పెంగ్విన్ బయటికి వచ్చేట్టు.

"ఇదేంటి, ఈ పక్షి గోతిలో పడిపోతోందేం?" అంది.

రేకులు కదిలాయేమోనన్నాను. అంకెలు చూశాను, కదల్లేదు. వెర్నా జోడు తీసి పిల్లల జోడు పెట్టుకుంది. ఇందులో బయటికొస్తోంది, చక్కగా, ముక్కు కూడా కనిపిస్తోంది అంది. మళ్లీ పెద్దది పెట్టుకుంది. మళ్లీ గొయ్యి. అరవై మూడేళ్ల వయసులో కళ్లద్దాల్లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి, కారుకి తగిలించిన పడవ బండిని ఒక్క చేత్తో వెనక్కి నడిపించి గారేజీలో పెట్టే మనిషి. ఆమె కళ్లని అనుమానించడానికి లేదు. రెండు జోళ్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. పిల్లలదానికి ఎరుపు కుడివైపు ఉంది. పెద్దదానికి ఎడమవైపు ఉంది.

కుడికంటికి ఎరుపు. మా చదువులో మొదటి రోజు మొదటి గంటలో చెప్పే మాట అది. రంగులు అటుదిటు అయితే లోతు కూడా అటుదిటు అవుతుంది. అది తెలిసిన చేత్తోనే ఆ పని చేశాను. ఇరవై రెండేళ్లుగా ఈ రంగు జోళ్లని ఎదుటివాళ్ల మొహాల మీదే చూశాను, వాళ్ల కుడి నాకు ఎడమ. ఎరుపు నా ఎడమచేతి వైపే ఉండాలని కళ్లకి అలవాటైపోయింది. అద్దాలు అతికించిన రోజు జోడుని, పెట్టుకునేవాళ్లు పట్టుకున్నట్టు, కాడలు నావైపుకి ఉంచి పట్టుకున్నాను. చెయ్యి మాత్రం అలవాటుగా ఎరుపుని ఎడమకే పెట్టింది. ఇంకెవరైనా అయితే ఏ కన్ను ఏదని ఒక్క క్షణం ఆగి ఆలోచించేవాళ్లు. నాకు అన్నీ తెలుసు కదా, ఆగలేదు. ఆథల్ మొహంకేసి చూసినా తెలిసేది. ఎనిమిది వారాలు పక్కన కూర్చుని రేకులకేసే చూశాను గానీ, ఆ జోడు పెట్టుకున్న మనిషి మొహం ఒక్కసారి చూడలేదు.

"ఆథల్ ఒక్కటైనా సరిగ్గా చెప్పాడా?" అంది వెర్నా.

"లేదు. అన్నీ తప్పే."

"మా ఆయన కెన్ పందెం గుర్రాల్ని ఎంచడంలో శుద్ధ మొద్దు. అయినా పదింటికి రెండో మూడో తగుల్తాయి. అన్నీ తప్పు చెప్పాలంటే అన్నీ తెలిసుండాలి నెరిడా."

నాకు తలకొట్టేసినట్టయింది. గుర్రప్పందేల లెక్కతో ఆవిడ పట్టుకున్నదాన్ని నేను రెండు నెలలు కాగితాల మీద ఇంటూలు పెట్టుకుంటూ కూర్చున్నాను. వెర్నా ఇంకో మాట కూడా అంది, నువ్వోసారి పెట్టుకుని చూసుకున్నా తెలిసేదిగా అని. ఆవిడ అమాయకంగానే అంది. పదకొండేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నా నా కన్ను సంగతి ఆవిడకి తెలియదు. నేను జోళ్లు సొరుగులో పెడుతున్నట్టు నటించాను. ఆథల్‌కి నేను చెబుతాలే, నువ్వు మాట్లాడకు అన్నాను.

అప్పుడే ఫోన్ తీసి ఉంటే సగం పాపం పోయేది. తియ్యలేదు. శనివారం ఇంట్లో కూర్చుని ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఆదివారం ఎలా చెప్పకుండా తప్పించుకోవాలా అని ఆలోచించాను. రెండోది తొందరగా కుదిరింది. అద్దాలు ఊడదీసి సరిగ్గా అతికించాను. ఆపరేషన్ అయిన కళ్లు ఒక్కోసారి ఆలస్యంగా కుదురుకుంటాయి, అది నిజమే, పుస్తకాల్లో ఉంది. ఇంకోసారి పరీక్ష పెడతాను, అన్నీ సరిగ్గా చెబుతాడు, అబ్బ ఎంత బాగుపడ్డారు ఆథల్ అంటాను, కొత్త ఉత్తరం ఇస్తాను, అతను సంతోషంగా వెళ్లి దుంగ ఎక్కుతాడు. ఎవరి తలా వంగదు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికి ఎంత ధైర్యం ఉంటుందో నాకూ అంత ధైర్యం వచ్చింది. సోమవారం ఫోన్ చేశాను. మంగళవారం వస్తానన్నాడు.

వచ్చాడు. ఉల్లిపాయలు తెచ్చాడు. ఎడమ బూటు ముందువైపు నల్లటి టేపు చుట్టి ఉంది. చూశాను గానీ ఆ క్షణంలో పట్టించుకోలేదు, నా గొడవలో నేనున్నాను. ఈసారి ఎదురుగా కూర్చుని జోడు నేనే పెట్టాను, ఎరుపు ఎటుందో మూడుసార్లు చూసుకున్నాను. పెంగ్విన్‌ని బయటికి జరిపాను.

ఆథల్ చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు.

"లోపలికి," అన్నాడు.

రెండోవైపు జరిపాను. బయటికి అన్నాడు. వలయాలు పెట్టాను. సరైనదాని మీదే వేలు పెట్టి, కుంగింది అన్నాడు. జోడు సరిగ్గానే ఉంది, అంకెలు సరిగ్గానే ఉన్నాయి. జవాబుల సంగతి వదిలెయ్యండి, ఇప్పుడు కళ్లముందు ఏం కనిపిస్తోందో చెప్పండి అన్నాను.

"కనిపించేది వేరే అమ్మాయ్. ఇవాళ వలయం లేచి నా చేతికి తగిలేట్టు ఉంది. అంటే కుంగిందన్నమాట. తిరగేసుకోమన్నావుగా. మొదట్లో కష్టమయ్యింది గానీ, ఇప్పుడు బాగా పట్టుబడింది."

మంచి మార్కులు వస్తాయని ఎదురుచూసే పిల్లాడిలా నాకేసి చూశాడు. రంగు అద్దాల వెనక ఆ చూపు నాకు బాగా తెలుసు. బొమ్మకేసి చూసే చూపు కాదది, నా కనుబొమలకేసి చూసే చూపు. నా చిన్నప్పటి విద్యని ఒక నిజాయితీపరుడికి నేర్పి పెట్టాను.

బూటు ఏమైందని అడిగాను.

"పొయ్యిలోకి కట్టెలు కొడుతున్నా. కన్ను ఇక్కడ అంటుంది, అది అబద్ధాలకోరు కదా అని నేను ఇంకాస్త ఇవతలికి వేస్తున్నా. ఇంకా లెక్క కుదర్లేదు." కాలు ముందుకు చాపి చూపించాడు. టేపు కింద తోలు వేలెడు పొడవున తెగి ఉంది. "బొటనవేలు బతికింది. సాక్సు పోయింది."

అప్పుడు చెప్పాను. మొదటి రెండు మాటలూ నాకే వినిపించలేదు, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మీ కన్ను సరిగ్గానే ఉంది అన్నాను. ఇవాళ కాదు, మొదటి మంగళవారం నించీ. అద్దాలు నేను తిరగేసి పెట్టాను. మీరు చెప్పిన ప్రతి జవాబూ ఆ జోడులోంచి నిజమే.

ఆథల్ జోడు తీసి చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. పనిముట్టు అంటే గౌరవం ఉన్న మనిషి, విసిరెయ్యలేదు.

"నువ్వు పెట్టుకుని చూడలేదా?"

తీరిక లేదని చెప్పొచ్చు. మర్చిపోయానని చెప్పొచ్చు. రెండూ నాలిక చివర సిద్ధంగా ఉన్నాయి.

"చూసినా నాకు తెలియదు," అన్నాను. "నాకు లోతు కనిపించదు. ఎప్పుడూ కనిపించలేదు. ఎవరికీ చెప్పలేదు."

"అయితే ఈ పెంగ్విన్?"

"నాకు కాగితమే."

బయట వెర్నా టైపు కొట్టడం ఆపేసింది. తలుపు సగం తీసే ఉంది. విందని తెలిసింది. వింటే విననీ అనుకున్నాను.

నేను ఊహించి చెబుతున్నానని ఎందుకనుకున్నావు, అడిగితే చెప్పేవాణ్ణి కదా అన్నాడు ఆథల్. చిన్నప్పుడు నేనలాగే చెప్పేదాన్ని, మీరూ అంతే అనుకున్నాను అన్నాను. అతను గొంతు పెంచలేదు.

"నేను నీలా కాదు కదా," అన్నాడు.

తర్వాత ఇంకొకటి అడిగాడు. "ఇది నీకు తెలిసిందెప్పుడు?"

"శుక్రవారం."

అతను బూటుకేసి చూసుకున్నాడు.

"ఇది తెగింది ఆదివారం."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఆదివారమే నేను ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని ఎవరికీ తెలియకుండా అద్దాలు అతికిస్తున్నాను. క్షమించమని అడగాలనిపించింది. అడిగితే అతను మర్యాదకోసం పర్లేదు అంటాడు, ఆ మర్యాద కూడా నేను కాజేసినట్టవుతుంది. అందుకని అడగలేదు.

కొత్త ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. అతను నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు. చూపు మెరుగైంది అని మొదలుపెట్టాను. వేలు పెట్టి ఆ మాట మీద ఆపాడు.

"బాగుపడిందని రాయకు. మొదటినించీ బాగుందని రాయి. తప్పెవరిదో అదీ రాయి."

రాశాను. సంతకం పెట్టాను. మళ్లీ నాలుగు మడతలు, మళ్లీ చొక్కా జేబు. తలుపు దగ్గర ఆగి, క్రిస్మస్ మర్నాడు మైదానానికి వస్తావా అని అడిగాడు. మీరు రమ్మంటే వస్తానన్నాను. ముందు వరసలో నిలబడు, నాకు సరిగ్గా ఎదురుగా అన్నాడు. ఎందుకని అడిగే అర్హత నాకు లేదు.

సంఘంలో ఉత్తరం పైకి చదివారు. మా ఊళ్లో ఒక సంగతి సంఘంలో చదివాక ఇంక ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు. బేకరీలో నాకు ముందున్నవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. ఇద్దరు తల్లులు పిల్లల మంగళవారాలు మానిపించారు. మానిపించని ఒక తల్లి వచ్చి, అయితే మా వాడు చెప్పేదైనా నమ్ముతున్నావా అని అడిగింది. వెర్నా మూడు రోజులు నాతో పనికి మించి మాట్లాడలేదు. నాలుగో రోజు టీ తెచ్చి పెట్టి, పదకొండేళ్లు, ఆ పెంగ్విన్ ఎలా ఉంటుందో నన్నడిగితే చెప్పేదాన్ని కాదా అని వెళ్లిపోయింది.

క్రిస్మస్ మర్నాడు సముద్రం మీంచి గాలి గట్టిగా వీస్తోంది. నేను పందెం చుట్టూ కట్టిన తాడు పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాను. నా పక్కన జనం పలచగా ఉన్నారు. లిండ్సే టబ్ చెక్కపెట్టె మోసుకొచ్చి ఆథల్ కాళ్ల దగ్గర పెట్టడం చూశాను. నీ గొడ్డలి నా చేతికి నప్పలేదు, ఎద్దులకి చేసినట్టుంది అన్నాడు. ఎద్దులకి ఇవ్వాల్సింది నీకెందుకిచ్చానో అని ఆథల్ అన్నాడు. పెట్టె మీద కట్టిన తాడు ఆథల్ వేసిన ముడితోనే ఉంది, లిండ్సే దాన్ని విప్పనే లేదు.

ఏడుగురు దుంగలెక్కారు. తెల్ల ప్యాంట్లు, బనియన్లు. సంఘం పెద్దాయన మైకులో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎంత అనుభవం ఉంటే అంత ఆలస్యంగా మొదలుపెట్టాలి. తక్కువ అనుభవం ఉన్నవాళ్లు మూడుకే మొదలుపెట్టారు, ఆథల్ లెక్క పంతొమ్మిది. అంతవరకూ గొడ్డలి రెండు కాళ్ల మధ్య ఆనించి కదలకుండా నిలబడాలి. ఆ నిలబడ్డంలో ఒక్కసారి తలెత్తి నేను ఉన్నానో లేదో చూసుకున్నాడు. కొత్త బూట్లు కొనలేదు. టేపు చుట్టిన బూటే వేసుకొచ్చాడు.

పంతొమ్మిది.

గొడ్డలి లేచింది. దిగింది. చుట్టూ ఉన్నవాళ్లకి అది రెండు కాళ్ల మధ్య దుంగలో దిగింది. నాకు లోతు లేదు కదా, కాలూ గొడ్డలీ దుంగా అన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి, ఆ కాగితం మీద గొడ్డలి కాలి మీదే దిగింది. మళ్లీ లేచింది, మళ్లీ కాలి మీదే దిగింది. ప్రతి దెబ్బకీ అంతే. తెల్లటి పేళ్లు ఎగిరితే ఎర్రబడతాయేమోనని చూశాను. కళ్లు మూసుకోవాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. మూసుకోలేదు. ఎదురుగా నిలబడమన్నది ఇందుకేనని అర్థమైంది. ఎనిమిది వారాలు అతను చూసింది నేను నమ్మలేదు. ఇప్పుడు నేను చూస్తున్నది నేనే నమ్మకూడదు, అతని కన్ను మీద నమ్మకం పెట్టుకుని నిలబడాలి.

వెనక్కి తిరిగాడు. రెండోవైపు నరికాడు. దుంగ రెండై పడింది. ఏడుగురిలో నాలుగోవాడు. పంతొమ్మిది లెక్కకి దిగినవాడికి, ఎనిమిది నెలలు సాధన లేనివాడికి అది తక్కువేం కాదని వెనక ఎవరో అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టబోయి, నాకా హక్కు లేదనిపించి చేతులు దించేశాను.

ఆథల్ దుంగ దిగి, గొడ్డలి తుడిచి పెట్టెలో పెట్టి, తిన్నగా తాడు దగ్గరికొచ్చాడు. ఒంటినిండా చెమట, వెంట్రుకల్లో పేళ్లు. జనం కాస్త దగ్గరికి జరిగారు. పిల్లల తల్లులు ఉన్నారు, పందెం సంఘం వాళ్లు ఉన్నారు, సాసేజీలు కాల్చే వెర్నా మొగుడు కెన్ పట్టకారుతో సహా వచ్చి నిలబడ్డాడు.

"చూశావుగా," అన్నాడు ఆథల్. "కాలికి ఎంత ఎడంగా పడిందమ్మాయ్?"

చుట్టూ ఉన్నవాళ్ల మొహాలకేసి నా కళ్లు వాటంతటవే వెళ్లాయి. ఎవరి కనుబొమలైనా జవాబు చెబుతాయేమోనని. నలభై ఏళ్ల అలవాటు, అంత తేలిగ్గా చావదు. బలవంతాన చూపు మళ్లించి ఆథల్ మొహంకేసి చూశాను.

"నాకు కనిపించలేదు," అన్నాను. అందరికీ వినపడేట్టే అన్నాను.

ఆథల్ చెయ్యి ఎత్తి, బొటనవేలు మడిచి, మిగతా నాలుగు వేళ్లూ దగ్గరగా పెట్టి నా మొహం ముందు పట్టుకున్నాడు.

"ఇంత," అన్నాడు. "ప్రతి దెబ్బా."

సరే అన్నాను. అతను తాడు కింద నించి వంగి వచ్చి, కెన్ వెంట సాసేజీల వరసవైపు నడిచాడు.